ఎల్‌డాప్‌సెర్చ్‌తో యూజర్‌ని వెతకడం: మన పేర్లతో వచ్చే చిక్కులు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనో ఆసుపత్రిలోనో సిస్టమ్ అడ్మిన్‌గా చేరితే ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి: "సార్, మా లక్ష్మీ మేడమ్‌కి లాగిన్ అవ్వట్లేదు, అసలు ఐడీ ఉందో లేదో చూడండి." మౌస్‌తో ఫోల్డర్లు తెరుచుకుంటూ వెతకడం కంటే టెర్మినల్‌లో ఎల్‌డాప్‌సెర్చ్ అనే కమాండ్‌తో, ఒక్క లైనులో చూడటం చాలా తేలిక. యూజర్ల పేర్లు, ఐడీలు ఒకేచోట దాచే సర్వర్‌ని డైరెక్టరీ అంటారు, దాంతో మాట్లాడే పద్ధతి ఎల్‌డాప్. ఆప్షన్లు ఒక పూటలో వచ్చేస్తాయి. అసలు కష్టం ఫిల్టర్‌లో (ఎవర్ని వెతకాలో చెప్పే షరతులో), అందులోనూ మన పేర్లలో ఉంది, అందుకే ఎక్కువసేపు దాని గురించే చెప్తాను.

ఉబుంటు, డెబియన్‌లో ఎల్‌డాప్-యుటిల్స్ అనే ప్యాకేజీ, రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్‌లలో ఓపెన్ఎల్‌డాప్-క్లయింట్స్ ఇన్‌స్టాల్ చేసుకోండి. కమాండ్లని ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, మీరు టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో.

ముందు డైరెక్టరీ చెట్టు ఎక్కడ మొదలవుతుందో, అంటే బేస్ ఏంటో తెలియాలి. ఎవర్నో అడిగి తెలుసుకునే పని లేదు, చాలావరకు సర్వరే చెప్పేస్తుంది:

ఎల్‌డాప్‌సెర్చ్ -ఎక్స్ -హెచ్ ఎల్‌డాప్://సర్వర్‌పేరు -బి "" -ఎస్ బేస్ నేమింగ్‌కాంటెక్స్ట్స్

ఇందులో హెచ్ పెద్దక్షరం, మిగతా ఆప్షన్లు చిన్నవి. "డీసీ=కాలేజీ,డీసీ=లోకల్" లాంటిది వస్తుంది, అది రాసిపెట్టుకోండి. ఇప్పుడు అసలు వెతుకులాట:

ఎల్‌డాప్‌సెర్చ్ -ఎక్స్ -జెడ్‌జెడ్ -హెచ్ ఎల్‌డాప్://సర్వర్‌పేరు -డి "మీ బైండ్ డీఎన్" -డబ్ల్యూ -బి "డీసీ=కాలేజీ,డీసీ=లోకల్" '(సీఎన్=*లక్ష్మి*)' సీఎన్ యూఐడీ మెయిల్

ఇక్కడ డి, డబ్ల్యూ, జెడ్‌జెడ్ కూడా పెద్దక్షరాలే. బైండ్ అంటే డైరెక్టరీలోకి లాగిన్ అవడం, డీఎన్ అంటే అందులో ఒక ఎంట్రీకి ఉండే పూర్తి చిరునామా. సీఎన్ అంటే పూర్తి పేరు, యూఐడీ అంటే లాగిన్ ఐడీ. పెద్ద డబ్ల్యూ పెడితే పాస్‌వర్డ్ అడిగి తీసుకుంటుంది. చిన్న డబ్ల్యూ పెట్టి పాస్‌వర్డ్‌ని లైన్లోనే రాస్తే అది షెల్ హిస్టరీలో ఉండిపోతుంది, పదిమంది వాడే సర్వర్ మీద ఆ పని దయచేసి చేయకండి. జెడ్‌జెడ్ ఎందుకంటే మామూలు 389 పోర్టు మీద పాస్‌వర్డ్ ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది, రెండు జెడ్‌లు పెడితే టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) కుదరకపోతే అక్కడే ఆగిపోతుంది, ఒక్కటే పెడితే కుదరకపోయినా ముందుకెళ్ళిపోతుంది. ఎల్‌డాప్ఎస్ (మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్‌తోనే నడిచే ఎల్‌డాప్) వాడే చోట పోర్టు 636, అక్కడ జెడ్‌జెడ్ అక్కర్లేదు. ఫిల్టర్‌ని సింగిల్ కోట్స్‌లోనే ఉంచండి, లేకపోతే బ్రాకెట్లనీ నక్షత్రాన్నీ షెల్ తనకే అనుకుంటుంది.

ఇక పేర్లు. లక్ష్మిని కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్ళున్నారు, ఎక్స్‌తో రాసేవాళ్ళున్నారు. శ్రీనివాస్‌లో ఒకరికి ఐ, ఇంకొకరికి రెండు ఈలు. చౌదరి అయితే చెప్పనే అక్కర్లేదు. పైగా ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, డైరెక్టరీలో ఇంటిపేరుకి ఎస్ఎన్ అనే ఫీల్డు ఉన్నా ఎంట్రీ చేసినవాళ్ళు చాలాచోట్ల అందులో అసలు పేరు పెట్టేస్తారు, ఇంటిపేరేమో ఒక్క ఇనీషియల్‌గా సీఎన్‌లో మిగిలిపోతుంది. అందుకని ఎస్ఎన్‌ని నమ్ముకోకండి. స్పెల్లింగ్ మారని ముక్క పట్టుకుని వెతకండి: '(సీఎన్=*నివాస్*)' అంటే శ్రీనివాస్, శ్రీనివాసరావు, శ్రీనివాసులు అందరూ వస్తారు. అలాంటి ముక్క దొరక్కపోతే "లేదా" గుర్తు వాడాలి, అది రెండు షరతుల మధ్యలో కాకుండా ముందు వస్తుంది: '(|(సీఎన్=*లక్ష్మి*)(సీఎన్=*లాక్స్మి*))', ఒకటి కేఎస్‌హెచ్‌తో, రెండోది ఎక్స్‌తో. "మరియు" కావాలంటే & గుర్తు, "కాదు" అంటే ఆశ్చర్యార్థకం, ఇవీ ముందే. అన్నిటికంటే మంచిది రోల్ నంబరో ఉద్యోగి నంబరో అడగడం. అదే లాగిన్ ఐడీ అయితే ఓపెన్ఎల్‌డాప్‌లో సాధారణంగా యూఐడీలో ఉంటుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళ యాక్టివ్ డైరెక్టరీలో అయితే శామ్‌అకౌంట్‌నేమ్ అని వెతకాలి.

ఒక్కోసారి సీఎన్ తర్వాత రెండు కోలన్లు, ఆ పక్కన అర్థంకాని అక్షరాల వరుస వస్తుంది. ఎంట్రీ పాడైందని కంగారుపడకండి. పేరు తెలుగు లిపిలో ఉందనో, చివర్లో ఖాళీ స్పేస్ పడిందనో అర్థం, అలాంటి విలువల్ని బేస్64లో (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలుగా మార్చి రాసే పద్ధతిలో) చూపిస్తుంది. ఆ వరుసని బేస్64 -డి కమాండ్‌కి (ఇక్కడ చిన్న డి) ఇస్తే పేరు బయటపడుతుంది. వరుస మధ్యలో విరిగిపోతుంటే -ఓ ఎల్‌డిఫ్-ర్యాప్=నో కలపండి.

ఏమీ రాలేదంటే ఐడీ లేదని వెంటనే చెప్పేయకండి. 32 అనే ఎర్రర్ వస్తే సాధారణంగా బేస్ తప్పు. ఎర్రర్ లేకుండా ఖాళీగా వస్తే ఫిల్టర్‌కి ఏదీ తగల్లేదు, లేదా మీరు బైండ్ అయిన అకౌంట్‌కి ఆ ఎంట్రీ చూసే అనుమతి లేదు. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. 4 వస్తే లిమిట్ దాటింది. యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా ఒక్కసారికి 1000 ఎంట్రీలే ఇస్తుంది, -ఇ పీఆర్=500/నోప్రాంప్ట్ పెడితే (ఇ పెద్దక్షరం) పేజీలుగా మొత్తం తెచ్చిస్తుంది.

ఎంట్రీ ఉంది, లాగిన్ మాత్రం అవ్వట్లేదా? ఆ మేడమ్‌నే మీ దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ డీఎన్‌తో ఎల్‌డాప్‌హూయామ్ఐ (బైండ్ అవుతుందో లేదో చూసే కమాండ్) నడిపి పాస్‌వర్డ్ ఆవిడనే కొట్టమనండి. 49 వస్తే యాక్టివ్ డైరెక్టరీలో పక్కనే "డేటా" అని ఒక కోడ్ ఉంటుంది: 52ఇ అంటే పాస్‌వర్డ్ తప్పు, 532 అంటే పాస్‌వర్డ్ గడువు అయిపోయింది, 533 అంటే అకౌంట్ ఆపేశారు, 775 అంటే లాక్ అయింది. ఒకవేళ ఇక్కడ అంతా బాగుండి ల్యాబ్‌లోని లినక్స్ మెషీన్ మీద మాత్రం అవ్వకపోతే, ఆ మెషీన్ మీద గెట్ఎంట్ పాస్‌డబ్ల్యూడీ అని కొట్టి పక్కన యూజర్‌నేమ్ ఇవ్వండి. అది ఖాళీగా వస్తే తప్పు చాలావరకు డైరెక్టరీలో ఉండదు, ఆ మెషీన్ సెట్టింగ్‌లోనో ఎస్ఎస్ఎస్‌డీ (డైరెక్టరీ వివరాల్ని ఆ మెషీన్‌కి అందించే సర్వీసు) క్యాష్‌లోనో ఉంటుంది, అక్కడ ఎస్ఎస్ఎస్_క్యాష్ -యు యూజర్‌నేమ్ కొట్టి మళ్ళీ చూడండి.