వార్డుల సంఖ్యపై ఊరి అభిప్రాయాన్ని ఓటుతో తెలుసుకోవడం ఎలా?

పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి గులాబీ రంగు పత్రం, వార్డు సభ్యునికి తెల్ల పత్రం ఇస్తారు. ఎందరు సభ్యులుండాలని అడిగే మూడో పత్రం ఉండదు. ఆ సంఖ్యను తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 జనాభాను బట్టి, సర్పంచితో కలిపి 5 నుంచి 21 వరకు ముందే నిర్ణయించింది. చాలా ఊళ్లలో వార్డులు 8, 10, 12 అని సరిసంఖ్యలోనే కనబడడానికి కారణం సర్పంచిని కలిపి లెక్కించిన మొత్తం బేసి సంఖ్య కావడమే. అయినా ఊరు తనంతట తాను రహస్య ఓటు పెట్టుకొని, వచ్చిన లెక్కను అధికారుల ముందుంచవచ్చు. ఓటుపత్రంతో గోడు వినిపించడం నల్లగొండకు కొత్త కాదు: 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీటి గోస దేశానికి తెలియాలని 480 మంది బరిలో నిలవడంతో ఓటుపత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయవలసి వచ్చింది.

ముందుగా పంచాయతీ కార్యదర్శి వద్ద వార్డులవారీ ఓటరు జాబితా, 2011 జనగణన ప్రకారం ఊరి జనాభా, ప్రస్తుత వార్డుల సరిహద్దులు తీసుకోండి. అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు.

తరువాత ప్రశ్నను రాయాలి. అసలు కష్టం ఇక్కడే ఉంటుంది. 'తండావాసులకు న్యాయం జరిగేలా వార్డులు పెంచి, కొత్త పంచాయతీ భవనం కట్టించాలా?' అని అడిగితే అది ఒక ప్రశ్న కాదు, రెండు. పైగా 'న్యాయం' అన్న మాట జవాబును ముందే చెప్పేస్తోంది. భవనం కావాలి గాని వార్డులు వద్దనుకునే మనిషి ఎక్కడ గుర్తు పెట్టాలి? 'మన పంచాయతీలో వార్డులను 10 నుంచి 12కు పెంచే వీలు కల్పించాలని ప్రభుత్వాన్ని కోరాలా?' అని ఒకే వాక్యంలో, అంకెలతో, అవును–కాదు అన్న రెండు గళ్లతో అడగండి. అయితే సంఖ్య మారాలంటే చట్టంలోని జనాభా పట్టికే మారాలి కాబట్టి, ఆ విన్నపం చివరికి శాసనసభ్యుని ద్వారా ప్రభుత్వానికి చేరవలసినది. మీ బాధ సంఖ్య గురించి కాక, దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లోలా దూరంగా ఉన్న తండాను ఊరిలోని గల్లీతో కలిపి ఒకే వార్డు చేయడం గురించైతే, సరిహద్దుల మీదే ప్రశ్న పెట్టడం మేలని నా అభిప్రాయం. అది అధికారుల స్థాయిలోనే తేలగలదు.

ఓటుకు ఆదివారం లేదా అంగడి లేని రోజును ఎంచుకొని, వారం ముందే దండోరా వేయించండి, తండాల్లో లంబాడీ భాషలో కూడా చెప్పించండి. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. పత్రంపై పార్టీ గుర్తులు గాని, ఎన్నికల సంఘం పేరు గాని ఉండకూడదు; పైన 'అభిప్రాయ సేకరణ' అని స్పష్టంగా రాయాలి.

ఓటు వేసే చోట ఇరుపక్షాల నుంచి ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, తాళం వేయకముందు ఖాళీ పెట్టెను అందరికీ చూపించి, జాబితాలో సంతకమో వేలిముద్రో తీసుకున్నాకే పత్రం ఇవ్వండి. చదువు రానివారికి పత్రంలోని ప్రశ్నను ఒకే తీరుగా చదివి వినిపించాలి, వివరించబోతే అది ప్రచారమవుతుంది. సాయంత్రం అక్కడే లెక్కించి, చెల్లని పత్రాల సంఖ్యతో సహా కాగితంపై రాసి అందరి సంతకాలు తీసుకోండి.

ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించాలి. చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి కాబట్టి ఎక్కువ కాలం వేచి ఉండనక్కరలేదు. తీర్మానం ప్రతిని, ఓట్ల లెక్కను ఎంపీడీవోకు, జిల్లా పంచాయతీ అధికారికి ఇచ్చి రసీదు పుచ్చుకోండి. వార్డుల విభజన ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాల గడువులోగా ఇవే కాగితాలను మళ్లీ జతపరచాలి. రాజ్యాంగంలోని 243–ఓ అధికరణం వార్డుల విభజన చట్టాల చెల్లుబాటును కోర్టులో ప్రశ్నించడాన్ని నిషేధించింది కనుక, తుది ప్రకటన వచ్చాక తలుపు తట్టినా తెరుచుకోవడం కష్టం.