మాడ్యులర్ పద్ధతిలో ప్రభుత్వ భవనాలు: బీఎంటీపీసీ పనితీరు ధ్రువపత్రానికి దరఖాస్తు విధానం

బడి, హాస్టల్, ఆరోగ్య కేంద్రం, క్వార్టర్స్ ఏదైనా సరే, గోడలూ స్లాబులూ లేదా ఏకంగా గదులే ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగిస్తామంటే ఇంజినీరింగ్ శాఖ వాళ్లు ముందు అడిగేది ఒకటే: "దీనికి ఐఎస్ కోడ్ ఉందా? లేకపోతే పీఏసీ ఉందా?" ఐఎస్ కోడ్ అంటే భారతీయ ప్రమాణం, పీఏసీ అంటే పనితీరు మదింపు ధ్రువపత్రం. కేంద్ర ప్రభుత్వం 1999 డిసెంబరు 4 నాటి గెజిట్ నోటిఫికేషన్‌తో ఈ పథకాన్ని పెట్టి, నిర్వహణ బాధ్యతను బీఎంటీపీసీకి (నిర్మాణ సామగ్రి, సాంకేతికతల ప్రోత్సాహక మండలి) అప్పగించింది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ కింద పనిచేసే ఈ సంస్థ కార్యాలయం న్యూఢిల్లీ లోధీ రోడ్డులోని ఇండియా హ్యాబిటాట్ సెంటర్‌లో ఉంది.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు

భారతీయ ప్రమాణం లేని కొత్త సామగ్రికి, కొత్త నిర్మాణ పద్ధతికి మాత్రమే ఈ పత్రం. ఇప్పటికే ప్రమాణం ఉన్న వస్తువైతే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) దారిలోనే వెళ్లాలి. మామూలు ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే) కాంక్రీటుకు ఐఎస్ 15916, పెద్ద ప్యానెళ్లకు ఐఎస్ 11447 ఉన్నాయి. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో 6వ భాగం, 7వ విభాగం కూడా ప్రీఫ్యాబ్ గురించే. మీ డిజైన్ అంతా వీటిలో ఇమిడిపోతే దరఖాస్తు పెట్టి నెలలు పోగొట్టుకోవద్దు, కోడ్ ప్రకారం లెక్కలు చూపిస్తే చాలు. థర్మాకోల్ మధ్యలో ఉన్న శాండ్‌విచ్ ప్యానెల్, తేలికపాటి స్టీల్ ఫ్రేములో కాంక్రీటు నింపిన గోడ, మీరే సొంతంగా రూపొందించిన జాయింటు ఉన్న గది మాడ్యూల్ వంటివి కోడ్‌కు పూర్తిగా అందవు. పీఏసీ కావాల్సింది వీటికే.

ఇలాంటి పద్ధతులు దేశంలో కొత్తేమీ కాదు. 2021 జనవరి 1న శంకుస్థాపన చేసిన ఆరు లైట్‌హౌస్ ప్రాజెక్టుల్లో (కొత్త పద్ధతులతో కేంద్రం చేపట్టిన నమూనా ఇళ్ల ప్రాజెక్టులు) రాంచీలో 1,008 ఇళ్లకు త్రీడీ వాల్యూమెట్రిక్ (గదులకు గదులే తయారుచేసి తెచ్చే) పద్ధతి, చెన్నైలో 1,152 ఇళ్లకు ప్రీకాస్ట్ భాగాల పద్ధతి, ఇండోర్‌లో 1,024 ఇళ్లకు శాండ్‌విచ్ ప్యానెల్ పద్ధతి ఎంచుకున్నారు.

దరఖాస్తులో ఏం పెట్టాలి

ఫారం, రుసుము సంగతి బీఎంటీపీసీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పాత ఫారం జిరాక్సు తీసి నింపకండి. అసలు పని జతచేసే పత్రాల్లో ఉంది. ఫ్యాక్టరీ చిరునామా, ముడిసరుకు ఎక్కడిది, తయారీ క్రమం, యంత్రాల జాబితా, పరీక్షల రిజిస్టర్లు, నాణ్యతా ప్రణాళిక, రవాణా, బిగింపు పద్ధతి, ఇప్పటికే కట్టిన భవనాలుంటే వాటి వివరాలు ఇవ్వాలి.

నాణ్యతా ప్రణాళికను చాలామంది ఒక పేజీలో ముగిస్తారు. అది చాలదు. ఏ అంశం, ఎంత విలువ ఉండాలి, ఏ పద్ధతిలో పరీక్ష, ఎన్నిటికి ఒకసారి అనే నాలుగు గడుల పట్టిక కావాలి. "కాంక్రీటు నాణ్యత చూస్తాం" అని రాస్తే ఏమీ రాయనట్టే. అచ్చు నుంచి ఎత్తే ముందు క్యూబ్ (పరీక్ష కోసం అదే కాంక్రీటుతో పోసిన దిమ్మె) బలం ఎంత ఉండాలి (15 ఎంపీఏ, అంటే మెగాపాస్కల్స్, దగ్గర పెట్టుకోవడం వాడుక), ఏ పోతకు ఎన్ని క్యూబులు, ఆ క్యూబులు ప్యానెల్ పక్కనే అదే వేడిలో ఉంచారా లేక నీళ్ల తొట్టిలో వేశారా అన్నంత వరకు రాయాలి. తొట్టిలో పెరిగిన క్యూబు చూసి పచ్చి ప్యానెల్ ఎత్తితే లిఫ్టింగ్ హుక్ చుట్టూ శంకువు ఆకారంలో కాంక్రీటు ఊడొస్తుంది.

దరఖాస్తు గట్టిదో కాదో తేల్చేది మాత్రం జాయింటు. గోడ బలంగా ఉందని రుజువు చేయడం తేలికే. గోడకూ గోడకూ, గోడకూ స్లాబుకూ మధ్య బలం ఎలా పోతుందో, వాన నీరు ఎలా ఆగుతుందో, మంట ఎంతసేపు ఆగుతుందో కొలతలతో సహా జాయింటు డ్రాయింగుల్లో కనిపించాలి. గ్రౌట్ స్లీవ్ (రెండు భాగాల కడ్డీలను కలిపే గొట్టం, లోపల గ్రౌట్ అనే పల్చని సిమెంటు మిశ్రమం నింపుతారు) వాడితే నింపే పద్ధతి కూడా రాయండి: కింది రంధ్రం నుంచి పంపు చేయాలి, పై రంధ్రం నుంచి గాలి బుడగలు లేకుండా గ్రౌట్ ధారగా వచ్చాకే బిరడా కొట్టాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది, బయటికి నిండినట్టే ఉంటుంది. మే నెల ఎండలో కలిపిన గ్రౌట్ త్వరగా బిగుస్తుంది కాబట్టి నీళ్ల ఉష్ణోగ్రత, కలిపాక ఎన్ని నిమిషాల్లో వాడాలో కూడా అందులోనే ఉండాలి.

పరిధిని మీరే రాయండి

ఎన్ని అంతస్తుల వరకు, ఏ భూకంప మండలం వరకు, ఎంత గాలి వేగం వరకు అన్నది దరఖాస్తులోనే అడగాలి. ఐఎస్ 1893 (2016) ప్రకారం హైదరాబాద్ రెండో మండలం, విజయవాడ మూడో మండలం. ఐఎస్ 875 మూడో భాగంలో మూల గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకు 50 మీటర్లు. హైదరాబాద్ లెక్కలతో పరిధి తీసుకుని కోస్తాలో తుపాను షెల్టర్ టెండరు వేస్తే పత్రం ఉన్నా లేనట్టే.

తనిఖీ, పరీక్షలు, కమిటీ

కాగితాలు సరిపోయాక ఇంజినీర్లు ఫ్యాక్టరీకి వస్తారు. శాంపిల్ వాళ్లే ఎంచుకుంటారు. ప్రత్యేకంగా పోసి పెట్టిన ప్యానెల్ కాదు, యార్డులో పేర్చిన దొంతరలో నుంచే. అందుకే ప్రతి భాగం మీద పోత తేదీ, అచ్చు నంబరు, డ్రాయింగు సవరణ నంబరు చెరగకుండా ఉండాలి. నంబరు లేని ప్యానెల్ ఒక్కటి దొరికినా మీ రిజిస్టర్లన్నిటి మీదా అనుమానం మొదలవుతుంది, అది న్యాయమే.

పరీక్షల ఖర్చు దరఖాస్తుదారుడిదే. రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ), చెన్నైలోని ఎస్‌ఈఆర్‌సీ (నిర్మాణ ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం), ఐఐటీల వంటి చోట్ల పెద్ద నమూనాల పరీక్షలకు వంతు కోసం ఎదురుచూడాలి, కాబట్టి ముందే మాట్లాడి పెట్టుకోండి. విదేశీ నివేదికలు ఉంటే పెట్టండి, ఊతంగా పనికొస్తాయి. అయితే ఆ పరీక్షలో వాడిన స్టీలు, నురుగు (థర్మాకోల్ వంటిది), గ్రౌట్ మీ ఫ్యాక్టరీలో వాడేవేనా అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే వాటి విలువ అంతంతే.

ఆ తర్వాత ముసాయిదా పత్రం తయారై టెక్నికల్ అసెస్‌మెంట్ కమిటీ ముందుకు, అక్కడి నుంచి పత్రాన్ని ఆమోదించే బీఎంటీపీసీ బోర్డ్ ఆఫ్ అగ్రెమాఁ (Agrément) ముందుకు వెళ్తుంది. ముసాయిదా చేతికొచ్చినప్పుడు మందం, గ్రేడు, అంతస్తుల సంఖ్య ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. 120 మిల్లీమీటర్ల గోడకు పత్రం తీసుకుని సైటులో 100 పెడితే బిల్లు ఆగుతుంది.

పత్రం తర్వాతే మొదలయ్యే చిక్కులు

పీఏసీ ఉందని ప్లాను అనుమతి, అగ్నిమాపక శాఖ అనుమతి తప్పవు. ఒక్కో భవనానికి డిజైన్ విడిగా చేయాల్సిందే. దాన్ని ఎన్‌ఐటీ వరంగల్ వంటి సంస్థతో సరిచూపించమని టెండరులో అడగడం మామూలే. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) రేట్ల జాబితాలో లేని పద్ధతికి రేటు విశ్లేషణ మీరే కట్టి ఇవ్వాలి. అందులో రవాణా, క్రేన్ విడిగా చూపకపోతే నష్టపోయేది మీరే.

లెక్క చూడండి. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న కాంక్రీటు గదికి గోడలు 100, నేల 120, పైకప్పు 100 మిల్లీమీటర్లు వేసుకుంటే తలుపులు, కిటికీలు పోను 20 టన్నులు ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వెడల్పు హద్దు 2.6 మీటర్లు. అంటే ఈ గది ఓడీసీ (కొలత హద్దు దాటిన) సరుకు, ప్రయాణానికి విడిగా అనుమతి కావాలి. మూడు మీటర్ల ఎత్తున్న గదిని మీటరున్నర ఎత్తు ట్రైలరు మీద పెడితే మొత్తం నాలుగున్నర మీటర్లు. ఊళ్లోకి వెళ్లే రైల్వే అండర్‌బ్రిడ్జి ఎత్తు టేపుతో కొలిచాకే గది కొలత ఖరారు చేయండి. ఇక 20 టన్నుల బరువుకు 20 టన్నుల క్రేన్ తెస్తే కుదరదు. జిబ్ (క్రేన్ చేయి) 15 మీటర్లు చాచినప్పుడు అది ఎంత ఎత్తగలదో దాని చార్టులో చూడాలి. స్లింగ్ (ఎత్తే తాడు) అడ్డానికి 60 డిగ్రీల్లో ఉంటే లాగుడు 15 శాతమే పెరుగుతుంది, 30 డిగ్రీలకు పడిపోతే రెట్టింపవుతుంది. హుక్కులు ఊడేది సాధారణంగా అక్కడే.

కొలతల తేడా మరో తలనొప్పి. ఒక్కో మాడ్యూలు 3 మిల్లీమీటర్లు పెరిగినా వరసలో 12 పెట్టేసరికి 36 అవుతుంది, చివరి గది పునాది బోల్టుల మీద కూర్చోదు. ప్రతి మాడ్యూలునూ పక్కదాని నుంచి కాకుండా గ్రిడ్ గీత నుంచి కొలిచి పెట్టమని బిగింపు పద్ధతిలో రాయండి.

పత్రం వర్తించేది అందులో పేరున్న ఫ్యాక్టరీకి, అందులో రాసిన సామగ్రికి. నురుగు సరఫరాదారుణ్ని మార్చినా, శ్రీసిటీలో రెండో యూనిట్ పెట్టినా బోర్డుకు ముందు తెలపాలి. చెల్లుబాటు గడువు పత్రం మీదే ఉంటుంది. గడువు దాటాక కాదు, నెలల ముందే నవీకరణకు రాయండి, ఆ కాలమంతటి పరీక్షల రిజిస్టర్లతోపాటు ఫిర్యాదుల పుస్తకమూ సిద్ధంగా ఉంచండి. నాలుగు వానాకాలాలు గడిచినా అందులో ఒక్క లీకేజీ ఫిర్యాదు కూడా లేకపోతే, చూసేవాళ్లకు మొదట వచ్చే ఆలోచన మీ జాయింట్ల గురించి కాదు, ఆ పుస్తకం గురించి.