పడవ హ్యాచ్ మూతకు ఫైబర్ గ్లాస్ ఎలా వేయాలి?

పైకి నిగనిగలాడుతూ, అంచులో గోరు గుచ్చితే మెత్తగా దిగిపోయే హ్యాచ్ (పడవ పైభాగంలో లోపలికి దిగే నోరు) మూతలు సాగర్ బ్యాక్‌వాటర్ పడవల్లో చాలానే చూశాను. రెసిన్ (ఫైబర్‌ను చెక్కకు పట్టించే జిగురు) మంచిది కాదంటారు. రెసిన్‌కేం, వేసిన తీరే బాగాలేదు.

సామాను: ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్న 12 ఎంఎం ప్లైవుడ్, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గ్లాస్ ఫైబర్ మ్యాట్, పాలిస్టర్ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, బ్రష్‌లు, ఇనుప రోలర్, ఎసిటోన్, గ్లౌజులు, మాస్క్. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే మందు) ముందే కలిపిన రెసిన్ కొనండి. విడిగా తెచ్చి పొరపాటున హార్డ్‌నర్‌లో నేరుగా కలిపితే పేలుతుంది. ఎపాక్సీ చెక్కను ఇంకా గట్టిగా పడుతుంది, కాదనను, కానీ దానికి ఈ మ్యాట్ సరిపడదు, నేసిన గుడ్డ కావాలి, ఖర్చూ ఎక్కువ. చేపల పడవకు పాలిస్టర్ చాలు.

ప్లైవుడ్‌ను హ్యాచ్ నోరు కంటే పొడవులో, వెడల్పులో 8 ఎంఎం చొప్పున తగ్గించి కోయండి. మ్యాట్ ఒక్కో పొర దాదాపు 1 ఎంఎం మందం వస్తుంది, రెండు పొరలు అంచుల చుట్టూ తిరగాలి, ఆపైన కాస్త సందు ఉండాలి. సరిగ్గా కొలతకు కోసి, మూత పట్టక, వేసిన ఫైబర్‌నే రందా పెట్టి చెక్కేసే మహానుభావులున్నారు! అంచులన్నీ 6 ఎంఎం గుండ్రం చేయండి. పదును మూల మీద మ్యాట్ తిరగదు, లేచి లోపల గాలి పడుతుంది.

ఇక అసలు పని. పొద్దున్నే చల్లగా ఉందని మొదలుపెడతారు, అదే కొంప ముంచుతుంది. ఎండ ఎక్కే కొద్దీ చెక్క లోపలి గాలి వ్యాకోచించి రెసిన్‌లోంచి బుడగలుగా బయటికి వస్తుంది, ఆ సన్నని చిల్లుల్లోంచే తర్వాత నీళ్లు దిగుతాయి. పొద్దు వాలాక, నీడలో మొదలుపెట్టండి. చల్లబడే చెక్క రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. వానకు తడిసిన చెక్క అయితే పూర్తిగా ఆరేదాకా ముట్టుకోవద్దు.

మేలో నల్గొండ ఎండకు భయపడి హార్డ్‌నర్ తగ్గించేవాళ్లకు ఒక మాట: కిలోకు 10 మిల్లీలీటర్ల కంటే దిగితే రెసిన్ సరిగ్గా గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. హార్డ్‌నర్ కాదు, రెసిన్ తగ్గించండి. ఒక్కసారికి 300 గ్రాములు, 3 మిల్లీలీటర్లు, అదీ వెడల్పు ట్రేలో. డబ్బాలో నిండుగా కలిపి ఉంచితే దానంతటదే వేడెక్కి పొగలొస్తుంది.

ముందు మ్యాట్ లేకుండా ఉత్త రెసిన్ పూయండి. కోసిన అంచులు ఎంత తాగితే అంత, రెండు మూడు సార్లు. వేలికి అంటుకునే దశలో ఉండగానే మ్యాట్ పరచండి. దాన్ని కత్తెరతో కోయొద్దు, చేత్తో చింపాలి, అప్పుడే అతుకు కనపడదు. మ్యాట్ బరువుకు రెండింతలు, మహా అయితే రెండున్నర రెట్లు రెసిన్. నడుమ నుంచి అంచులకు రోలర్ తిప్పుతూ పోండి. తెల్ల మచ్చ కనిపిస్తే అక్కడ రెసిన్ అందలేదని అర్థం, మళ్లీ తిప్పండి. అంచుల దగ్గర తొందరపడొద్దు, పట్టేదాకా ఒత్తుతూనే ఉండాలి.

గట్టిపడ్డాక ఎమరీ కొట్టి అడుగు వైపు కూడా ఇలాగే వేయండి. ఒక్క పక్కే వేస్తే మూత వంకర తిరుగుతుంది. చివరి పూతలో మైనం కలిపిన రెసిన్ వాడితే పైన జిగట ఉండదు.

మడతబందుల స్క్రూలు నేరుగా దించొద్దు. పెద్ద రంధ్రం వేసి, ఫిల్లర్ పొడి కలిపి చిక్కబరిచిన రెసిన్ నింపి, అది ఆరాక దాని నడుమ సన్న రంధ్రం వేసి స్క్రూ బిగించండి. వడ్లాయన ‘ఇదంతా ఎందుకు సార్’ అంటాడు, వినకండి.