పాత ఆంప్లిఫయర్‌కి కొత్త పార్ట్ వేసినా పలకట్లేదా?

మాన్యువల్ ఎక్కడా దొరకట్లేదు

సెట్ ముందు మెరిసే పేరు కొట్టి వెతికితే దొరకదు. వెనక స్టిక్కరు చూడండి. ఆ చిన్న పని కూడా చెయ్యకుండా "ఎక్కడా లేదండీ" అనేవాళ్లే ఎక్కువ. పాత ఫిలిప్స్ సెట్లకి 22తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఏటవాలు గీత తర్వాత అంకెలుంటే వాటితో సహా రాసుకోండి, వెర్షన్ తెలిసేది వాటితోనే. హైఫై ఇంజిన్, రేడియోమ్యూజియం సైట్లలో ఆ నంబరుతో వెతకండి. కావాల్సింది లోపలి సర్క్యూట్ ఉండే సర్వీస్ మాన్యువల్, యూజర్ మాన్యువల్ కాదు. లోకల్‌గా అసెంబుల్ చేసిన డెక్కులకి మాన్యువల్ అనేదే ఉండదు. లోపల ఎల్ఏ4440 అనే ఆంప్లిఫయర్ ఐసీ కనిపిస్తే దాని డేటాషీట్‌లోని (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) సర్క్యూటే దాదాపు మీ సెట్ సర్క్యూట్.

కొత్త ట్రాన్సిస్టర్ మీటర్‌లో బాగుంది, ఆ చానల్ మాత్రం పలకదు

షాపువాణ్ని తిట్టుకునే ముందు ఒకటి చూసుకోండి. మీరు విప్పి, నంబరు చదివి, అదే కావాలని తెచ్చారు కదా, అసలు ఆ పార్ట్ కంపెనీ వేసిందేనా? మీ దగ్గరికి వచ్చేలోగా ఆ సెట్ ఎంతమంది మెకానిక్కుల చేతుల్లో పడిందో. అసలుది దొరక్క, ఆ రోజు షాపులో ఉన్నది వేసి నడిపించేసి ఉంటారు. విజయనగరంలో అడిగినా శ్రీకాకుళంలో అడిగినా ఆ ఉన్నది చాలాసార్లు బీసీ547. మీరూ దాన్నే ఒరిజినల్ అనుకుని మళ్లీ బీసీ547 తెస్తారు. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే.

జపాన్ సెట్‌లో అక్కడ ఉండాల్సింది సీ945 అనుకుందాం. పూర్తి పేరు 2ఎస్‌సీ945. ముందున్న 2ఎస్‌ని పార్ట్ మీద అచ్చు వెయ్యరు, వెతికేటప్పుడు మనమే కలుపుకోవాలి. చదును వైపు మనకి ఎదురుగా, కాళ్లు కిందకి పెట్టి చూస్తే దానికి ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. తిప్పి పెడితే ఎమిటర్ సరిపోతుంది గానీ మిగతా రెండు కాళ్లనీ ఒకదాని మీంచి ఒకటి దాటించాల్సిందే. పాత మెకానిక్ అలాగే దాటించి కాళ్లు ఒకదానికొకటి తగలకుండా స్లీవ్ తొడిగాడు. మీరు అది పీకేసి కొత్తదాన్ని నేరుగా దించేశారు, ఇంకెలా పలుకుతుంది? దేనికి బదులు ఏది వెయ్యొచ్చో చెప్పే ఈక్వివలెంట్ పుస్తకంలో రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. కాళ్ల వరస సంగతి ఆ పుస్తకం హామీ ఇవ్వదు.

కాబట్టి విప్పకముందే బోర్డు కింద చూడండి. కంపెనీ సోల్డరింగ్ అంతా ఒకేలా ఉంటుంది. తర్వాత ఎవరైనా చెయ్యి పెట్టిన చోట ఉబ్బుగా, చుట్టూ ఫ్లక్స్ మరకతో తేడా తెలిసిపోతుంది. అలాంటిది కనిపిస్తే ఆ పార్ట్ మీది నంబరుని నమ్మొద్దు.

మరి అసలు నంబరు ఎలా? స్టీరియోలో రెండో చానల్ ఉందిగా! ఎవరూ కెలకని ఆ చానలే మీ మాన్యువల్. అదే స్థానంలో ఉన్న పార్ట్ చదవండి. కొన్ని బోర్డుల్లో ఎడమకి క్యూ101, కుడికి క్యూ201 అని ఉంటాయి, కొన్నిట్లో సరి, బేసి అంకెలు. బోర్డు మీద ఈ, సీ, బీ అక్షరాలుంటే కాళ్లు వాటి ప్రకారమే పెట్టండి. పవర్ ఇచ్చాక రెండు చానళ్లలో అవే కాళ్ల దగ్గర వోల్టేజీ పోల్చుకుంటూ వెళ్తే తేడా ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. రెండు చానళ్లూ కెలికేసి ఉంటే మాత్రం సర్క్యూట్ చేతికొచ్చేదాకా ఏమీ కొనకండి.

నంబరు తేలాకే విశాఖ బస్సెక్కండి. అక్కడా లేకపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్.

మిగతావి

రెండు చానళ్లూ మూగబోతే ముందు టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉందేమో చూడండి, అది నొక్కితే సెట్ టేప్ డెక్ నుంచి వచ్చేదే పలుకుతుంది. నవ్వకండి, చాలా సెట్లు ఇందుకే వస్తాయి.

కళింగపట్నం, భావనపాడు వైపు సెట్లలో ఉప్పుగాలికి స్విచ్చులు చిలుమెక్కుతాయి. పార్ట్ కాదు, కాంటాక్ట్ క్లీనర్ కొనండి.

డెక్ బెల్టుకి నంబరు వెతకొద్దు. బెల్టు తిరిగే దారి చుట్టూ దారం పెట్టి కొలిచి, అంతకంటే కొంచెం చిన్నది తెచ్చుకోండి.

ఎస్‌టీకే ఐసీల్లో (స్పీకర్లని నడిపే పెద్ద ఐసీలు) నకిలీలు ఎక్కువ. వాపసు తీసుకుంటారో లేదో ముందే మాట్లాడుకోండి, మొదటిసారి సిరీస్ బల్బు (సెట్‌కి కరెంటు వచ్చే దారిలో కలిపే మామూలు ఫిలమెంట్ బల్బు) పెట్టే ఆన్ చెయ్యండి.

అమెరికా నుంచి తెచ్చిన టర్న్‌టేబుల్ నెమ్మదిగా తిరిగితే మోటారు మార్చక్కర్లేదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఏసీ మోటారైతే 33⅓ తిరగాల్సింది 28 దగ్గర ఆగుతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ అని అడగండి. వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మర్ వేరే ఉండాలి.