తుపానుకు ముందే సర్వర్లో విత్తనాల గాదె చూసుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సర్వర్లు చూసుకునేవారు అక్టోబరు రాకముందే చేయాల్సిన పని ఒకటుంది. సర్వర్ ఎందుకు కూలిందో తెలిపే కెడంప్ అనే ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూసుకోవడం.

కరెంటు పూర్తిగా పోతే మెమరీలో ఉన్నదంతా పోతుంది. దానికి ఈ ఏర్పాటు అక్కరకు రాదు. కానీ జనరేటర్ మీద నెట్టుకొచ్చే రోజుల్లో సర్వర్ నడుస్తూనే ఉండి, దాని బయటి డిస్కుల పెట్టె ఆగిపోతుంటుంది. అలాంటప్పుడు లినక్స్ కర్నెల్ (యంత్రాన్నంతా నడిపే మూల ప్రోగ్రాము) కుప్పకూలితే, ఎందుకు కూలిందో చెప్పే సాక్ష్యం మెమరీలోనే ఉంటుంది. కెడంప్ ఏర్పాటు ఉంటే, కూలిన కర్నెల్ కెక్సెక్ (నడుస్తున్న కర్నెల్ నుంచి నేరుగా మరో కర్నెల్‌లోకి దూకే పద్ధతి) ద్వారా రెండో కర్నెల్‌ను లేపుతుంది. యంత్రాన్ని మొదట లేపే బయోస్ దాకా వెళ్లదు కాబట్టి మెమరీ చెరగదు. రెండో కర్నెల్ ఆ మెమరీని డంప్ అనే ఫైలుగా రాసిపెడుతుంది.

ఆ రెండో కర్నెల్ ఎక్కడ కూర్చోవాలి? మొదటిదాని మెమరీలోనే కూర్చుంటే సాక్ష్యాన్ని తానే తుడిచేస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, కర్నెల్ పోయిన సంగతి నెట్‌వర్క్ కార్డుకూ డిస్క్ కంట్రోలర్‌కూ తెలియకపోవడం. తమకు ఇచ్చిన మెమరీ చిరునామాల్లోకి అవి ఇంకా రాస్తూనే ఉంటాయి. అందుకే బూటు సమయంలోనే క్రాష్‌కర్నెల్ పేరుతో కొంత మెమరీని పక్కన పెడతారు. ఇంట్లో తిండికి ఎంత కటకటగా ఉన్నా రైతు విత్తనాల గాదె ముట్టనట్టే, మొదటి కర్నెల్ ఆ జాగాను ఎవరికీ ఇవ్వదు.

ఒకసారి నేను 128 ఎంబీ పక్కన పెట్టి నిశ్చింతగా ఉన్నాను. పరీక్షించిన రోజు రెండో కర్నెల్ లేచింది, డ్రైవర్లు ఎక్కించుకుంటూ మధ్యలో మెమరీ చాలక ఆగిపోయింది. డంప్ ఫోల్డరు ఖాళీ. 256 ఎంబీ చేసి రీబూట్ చేశాకగాని ఫైలు రాలేదు. మీ యంత్రానికి ఎంత కావాలో పరీక్షే చెబుతుంది. రూట్‌గా (అన్ని అధికారాలున్న ఖాతాతో) ప్రాక్ ఫోల్డరులోని ఐఓమెమ్ ఫైలు తెరిచి క్రాష్ కర్నెల్ వరుస ఉందో లేదో చూడండి. సిస్ ఫోల్డరు కింద కెక్సెక్_క్రాష్_లోడెడ్ ఫైలులో 1 కనిపించాలి. సున్నా ఉంటే జాగా ఉన్నా అందులో కర్నెల్ లేనట్టే. ఆ తర్వాత బ్యాకప్ తీసి, అందరికీ ముందుగా చెప్పి, ఒక ఆదివారం సిస్‌ఆర్‌క్యూ సి అనే ఆదేశంతో కర్నెల్‌ను కావాలనే కూల్చి చూడండి. డంప్‌ను సర్వర్ లోపలి డిస్కులోనే ఉంచండి, నెట్‌వర్క్ మీదుగా పంపకండి, తుపాను రోజు ఆ స్విచ్చికి కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు.

త్వరగా రీబూట్ అవుతుందని కెక్సెక్ వాడేవారికి ఇంకో మాట. అక్కడ కొత్త కర్నెల్ మెమరీ అంతటినీ తనదిగా తీసుకుంటుంది. బయోస్ లాంటి ఫర్మ్‌వేర్ దాచుకున్న టీపీఎం (భద్రతా చిప్) లాగు, ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కొన్ని యంత్రాల్లో ఇంటరప్ట్ కంట్రోలర్ (పరికరాల పిలుపులను ప్రాసెసర్‌కు చేర్చే భాగం) వాడుతున్న పట్టికలు ఎక్కడున్నాయో దానికి అందకపోతే, ఖాళీ జాగా అనుకుని వాటి మీదే రాసేస్తుంది. మీ యంత్రంలో పరీక్షించి చూడకపోతే, తుపాను వారంలో ఆ పని పెట్టుకోకండి. ఆలస్యమైనా మామూలు రీబూటే చేయండి.

డంప్ ఫైలు చేతికొస్తే దాన్ని రూట్‌కు తప్ప ఎవరికీ అందనివ్వకండి. అందులో పాస్‌వర్డ్‌లు, రోగుల వివరాలు, విద్యార్థుల మార్కులు ఉన్నవున్నట్టుగా ఉండవచ్చు.