హైదరాబాద్ నుంచి షికాగో ఎంత దూరం? దారంతో కొలవండి

పిల్లలను శంషాబాద్‌లో అమెరికా విమానం ఎక్కించి వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, "అది ఇక్కడికి ఎంత దూరం?" అని. మనం ప్రయాణం ఎన్ని గంటలో చెప్పి ఊరుకుంటాం. కిలోమీటర్లలో చెప్పడమూ కష్టం కాదు. షికాగోనే తీసుకుందాం.

ముందు గోడమీది ప్రపంచ పటాన్ని వదిలేయండి. దానిమీద స్కేలు పెట్టి గీస్తే గీత అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గుండ్రటి భూమిని చదునుగా పరిచేటప్పుడు ధ్రువాల వైపున్న ప్రాంతాలు బాగా సాగిపోతాయి. అందుకే ఆ గీతను నమ్మకూడదు.

పిల్లలు చదువుకునే గ్లోబు, సాగని కుట్టుదారం, స్కేలు తీసుకోండి. దారాన్ని భూమధ్యరేఖ చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో రాసుకోండి. 30 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబుకు 94 వస్తుంది. అసలు భూమధ్యరేఖ పొడవు 40,075 కిలోమీటర్లు కనుక, ఆ గ్లోబుమీద ఒక సెంటీమీటరంటే దాదాపు 425 కిలోమీటర్లు.

ఇప్పుడు దారం ఒక కొసను హైదరాబాద్ మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొసను షికాగో వైపు బిగుతుగా లాగండి. కాస్త అటూ ఇటూ కదిపితే దారం తనంతట తానే జారి, అన్నిటికన్నా దగ్గరి దారిలో కుదురుకుంటుంది. ఆ దారిని ఒక్క నిమిషం చూడండి. కజకిస్తాన్, ఉరల్ పర్వతాలు, ఆర్కిటిక్ మహాసముద్రం, గ్రీన్‌లాండ్, కెనడా! పడమటికి పోవాల్సిన దారం ఉత్తరానికి పోవడం చూసి మా ఇంట్లో పిల్లలు గ్లోబును వదల్లేదు. భూమి గుండ్రమన్న మాట చేతికి తగిలేది ఇక్కడే. పొడవు 31 సెం.మీ. పైచిలుకు ఉంటుంది. 425తో గుణిస్తే 13,200 దాటుతుంది.

ఇంకా కచ్చితంగా కావాలంటే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తీయండి. అది రేడియన్లలో కాక డిగ్రీల్లో ఉండాలి. ఊరి నడిబొడ్డును కాక విమానాశ్రయాలను తీసుకోండి. శంషాబాద్ అక్షాంశం 17.24, తూర్పు రేఖాంశం 78.43. షికాగో ఓహేర్ అక్షాంశం 41.98, పశ్చిమ రేఖాంశం 87.90. ఒకటి తూర్పు, ఒకటి పడమర కనుక రేఖాంశాలను కూడాలి: 166.33. చాలామంది ఇక్కడే తీసివేసి తప్పు చేస్తారు.

రెండు అక్షాంశాల సైన్‌లను గుణిస్తే 0.198. వాటి కొసైన్‌లను, 166.33 కొసైన్‌ను మూడింటినీ గుణిస్తే మైనస్ 0.690. రెండూ కూడితే మైనస్ 0.492. దీని విలోమ కొసైన్ (క్యాలిక్యులేటర్‌మీద cos⁻¹) సుమారు 119.45 డిగ్రీలు. భూగోళంపై ఒక డిగ్రీ 111.2 కిలోమీటర్లు కనుక దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. విమానయానంలో వాడే నాటికల్ మైళ్లు కావాలంటే డిగ్రీలను 60తో గుణిస్తే చాలు.

విమానం మాత్రం ఇంతకన్నా ఎక్కువే ఎగురుతుంది. ఎదురుగాలులను తప్పించుకోవాలి, మూసిన గగనతలాలను చుట్టిపోవాలి. 2022లో రష్యా తన గగనతలాన్ని అనేక పాశ్చాత్య దేశాల విమానాలకు మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు మూసింది.

మీ టికెట్‌లో దుబాయ్ మజిలీ ఉంటే రెండు అంచెలనూ విడిగా కొలిచి కూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 2,550, అక్కడి నుంచి షికాగోకు 11,640. మొత్తం 14,190 కిలోమీటర్లు. దారం చూపిన దారికన్నా 900 ఎక్కువ.