కారు ఆండ్రాయిడ్ స్టీరియోలో ఫర్మ్‌వేర్ (సెట్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చే ముందు

- 'అబౌట్' పేజీలో ఎంసీయూ (బోర్డు మీది కంట్రోల్ చిప్) వెర్షన్ ఫోటో తీసుకోండి. డబ్బా మీద పేరు నమ్మొద్దు; పైకి ఒకేలా ఉన్న రెండు సెట్లలో లోపల బోర్డులు వేరుగా ఉండొచ్చు. వేరే బోర్డు ఫైల్ ఎక్కిస్తే స్క్రీన్ నల్లగానే మిగలొచ్చు.
- ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో క్యాన్ బస్ (సెట్‌కీ కారుకీ మధ్య సమాచారం నడిచే లైను), రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్ల పేజీలు కూడా ఫోటో తీయండి. నేనోసారి బద్ధకించి, వాల్యూమ్ నొక్కితే పాట మారే కారుతో వారం తిరిగాను.
- పాత ఫర్మ్‌వేర్ చేతిలో లేకపోతే మొదలుపెట్టొద్దు.
- అప్‌డేట్ ఫైల్ పెట్టే పెన్‌డ్రైవ్‌ను ముందు ఫ్యాట్32 (ఫార్మాట్ చేసేటప్పుడు ఎంచుకునే ఫైల్ సిస్టమ్)లో ఫార్మాట్ చేయండి. పాటలు ఉంచకండి.
- ఆఫ్‌లైన్ మ్యాప్‌లు చెరిగిపోవచ్చు, మళ్లీ దించుకోవాలి.
- బ్యాటరీ వీక్‌గా ఉంటే ఆ రోజు మానేయండి. అప్‌డేట్ నడుస్తుండగా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. స్టార్టర్ కరెంటు లాగేసరికి సెట్ ఆగిపోవచ్చు.